సన్యాసమ్మను తృప్తిపరచిన విధం

సన్యాసమ్మ కడుపునొప్పితో జిల్లా ఆసుపత్రిలో చేరిన వారంలోనే, రోగుల సంతృప్తి విషయంలో రాష్ట్రం మొత్తమ్మీద ఆ ఆసుపత్రికి ఆఖరి స్థానం వచ్చింది. ఈ రెండు సంగతులకీ అప్పటికింకా ఏ సంబంధమూ లేదు.

సన్యాసమ్మది ఎండుచేపల వ్యాపారం. సంతలో గోనెపట్టా పరిచి, నెత్తళ్ళు ఒక కుప్ప, ఎండురొయ్యలు ఒక కుప్ప పోసుకుని కూచుందంటే ఆవిడతో బేరమాడి గెలిచినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. అలాంటి మనిషి ఒకనాటి సంతలో, తక్కెడ చేతిలో ఉండగానే, కుడి డొక్క పట్టుకుని రొయ్యల కుప్ప మీదకి ఒరిగిపోయింది. మొగుడు తౌడు ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తెచ్చాడు. డాక్టర్లు చూశారు, స్కానింగు తీశారు, వాళ్ళలో వాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు, తౌడుని సంతకం పెట్టమన్నారు. తౌడు వాళ్ళు చూపించిన చోటా పెట్టాడు, చూపించని చోటా పెట్టాడు. భానోజీ అనే కుర్ర సర్జన్ ఆపరేషన్ చేశాడు.

మెలకువ వచ్చేసరికి సన్యాసమ్మకి ఆ పాత నొప్పి లేదు. పొట్ట మీద కుట్లున్నాయి. లోపల్నించి ఏదో తీసేశారని పక్కమంచం పోలమ్మ చెప్పింది. ఏం తీశారో పోలమ్మకి తెలీదు. తౌడునడిగితే, "ఏదో తీసినార్లే. అక్కర్నేందే తీసుంటారు" అన్నాడు. మర్నాడు భానోజీ వచ్చి, కుట్లు చూసి, "ఇదిగో అమ్మా, నీకు..." అని చెప్పబోతుండగా ఫోను మోగింది. సూపరింటెండెంటు గారు ఉన్నపళంగా రమ్మన్నారు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే, మళ్ళీ వార్డు మొహం చూడలేదు.

ఆఖరి స్థానం సంగతి తెలిసింది సరిగ్గా ఆ పూటే.

సూపరింటెండెంటు డాక్టర్ పేర్రాజు గారు మొదట కళ్ళ డాక్టరు. ఆ కుర్చీలోకి వచ్చాక ఫైళ్ళు తప్ప మరేమీ చూసి ఎరుగరు. రాజధాని నుంచి వచ్చిన ఉత్తర్వుని ఆయన నిలబడి చదివారు, కూచుని చదివారు, ఆనక అందరినీ పిలిచి పైకి చదివారు.

"ఇకపై ప్రతి రోగియు ఆసుపత్రి సేవల పట్ల సంపూర్ణ సంతృప్తి వ్యక్తపరచిన మీదటనే డిశ్చార్జి చేయవలెను. సంతృప్తి చెందని రోగిని ఎట్టి పరిస్థితులలోను ఇంటికి పంపరాదు."

లెక్క ప్రకారం ఇందులో తప్పు పట్టేందుకేమీ లేదు. తృప్తిపడినవాళ్ళే బయటికి వస్తే, బయటికి వచ్చినవాళ్ళందరూ తృప్తిపడినవాళ్ళే అవుతారు. నూటికి నూరు. ఇంత తేలిక ఉపాయం ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టకపోవడమే ఆశ్చర్యం.

ఉత్తర్వులో రెండో భాగం కూడా ఉంది. డాక్టర్లు తమతో సరిగ్గా మాట్లాడటం లేదని రోగులు వాపోతున్నట్టు సర్వేలో తేలింది గనక, ప్రతి ఆసుపత్రి నుంచీ ఒక సర్జన్‌ని 'రోగితో మృదు సంభాషణ' అనే శిక్షణకి రాజధానికి పంపాలి. ఈ ఆసుపత్రిలో ఉన్నదే ఒక సర్జన్. మిగతా కుర్చీలు ఖాళీగా ఉండి చాలాకాలమైంది. భానోజీ ఆ సాయంత్రమే రైలెక్కాడు. శిక్షణ మీద ధ్యాస చెదరకుండా ఉండేందుకు, రోగుల గురించి వచ్చే ఫోన్లు అక్కడున్నన్నాళ్ళూ ఎత్తకూడదని నిబంధన.

కొత్త పద్ధతి అమల్లోకి వచ్చింది. 'సంతృప్తి మిత్ర' అని రాసున్న పసుప్పచ్చ కోటు వేసుకుని ప్రసూన అనే అమ్మాయి టాబ్లెట్ పట్టుకుని వార్డుల్లో తిరిగింది. అది మింగే టాబ్లెట్ కాదు, వేలితో నొక్కేది. జనం సంగతి తెలిసిందే. ఇంటికి వెళ్ళాలంటే తృప్తి ఒకటే దారి అని అర్థమయ్యాక తృప్తిపడనివాడు ఎవడు? పోలమ్మ కాలి మీద పుండు ఇంకా పచ్చిగానే ఉంది. అయినా ప్రశ్న పూర్తి కాకుండానే, "తృప్తే తల్లీ, తృప్తే" అని చెప్పులు వెతుక్కుంది. జ్వరంతో వచ్చిన ఒకాయన చీటీ రాయించుకునే చోటే పొరపాటున "ఏదో, మీ దయవల్ల బాగానే ఉన్నాం" అన్నాడు. చేరకముందే తృప్తిపడినవాణ్ణి చేర్చుకోవడం ప్రజాధనం దుర్వినియోగమని వెనక్కి పంపారు.

నిరీక్షణ సమయం తగ్గించాలని కూడా ఉత్తర్వులో ఉంది. పేర్రాజు గారు చెట్టుకింది బెంచీలు తీయించి, గేటు మూయించారు. వరస గేటు అవతల రోడ్డు మీద ఎండలో సాగింది. లోపలికి అడుగుపెట్టినవాడికి నిరీక్షణ లేదు. గేటు అవతలివాడి సంగతేమిటని ఒక విలేకరి అడిగితే ఆయన శాంతంగా జవాబిచ్చారు: "గేటు లోపల ఉన్నవారు రోగులు. గేటు బయట ఉన్నవారు పౌరులు. పౌరుల నిరీక్షణ మా శాఖ పరిధిలోకి రాదు."

అంతా సజావుగా సాగిపోయేదే. ప్రసూన సన్యాసమ్మ మంచం దగ్గరకి వచ్చింది.

"అమ్మా, ఆసుపత్రి సేవల పట్ల మీరు సంపూర్ణ సంతృప్తి చెందారా?"

"ఏటి తల్లీ?"

"బాగా చూశారా అని."

"సూసినారు. కోసి మరీ సూసినారు. ఏటి తీసినారో సెప్పనేదు."

"అది కాదమ్మా. తృప్తి అని పెట్టేస్తే రేపు ఇంటికి వెళ్ళిపోతారు."

"ఏటి తీసినారో సెప్పు. నీకేది కావాలితే అది ఎట్టుకో."

ప్రసూన టాబ్లెట్‌లో చూసింది. అందులో జవాబులు మూడు: 'సంపూర్ణం', 'పరిపూర్ణం', 'మాటల్లో చెప్పలేనంత'. సన్యాసమ్మ అన్నది ఈ మూడింటిలో దేనికిందకీ రాదు. "నాకేం తెలుసమ్మా, నేను డిగ్రీ చదివాను" అని చెప్పి వెళ్ళిపోయింది.

సన్యాసమ్మ మొండిది కాదు. ఆవిడకి భయం. ఆవిడ అప్ప, అంటే అక్క, కన్నమ్మకీ ఇలాగే కడుపులో ఏదో వచ్చింది, ఇలాగే కోశారు. ఏమైందని కన్నమ్మ అడిగితే డాక్టర్లు ఏం పర్లేదన్నారు, మొగుడు ఏం పర్లేదన్నాడు, ఇంటిల్లిపాదీ ఏం పర్లేదన్నారు. ఏం పర్లేదంటూనే మోసుకుపోయారు. అది పెద్దరోగమని, క్యాన్సరని ఊరందరికీ తెలుసు, కన్నమ్మకి తప్ప. అప్పట్నుంచీ సన్యాసమ్మకి 'ఏం పర్లేదు' అన్న మాట చెవిన పడితే చాలు, గుండె జారిపోతుంది.

హెడ్ నర్సు గ్రేసమ్మకి అసలు సంగతి తెలుసు. తెలిసినా చెప్పడానికి లేదు. రోగ వివరములు చికిత్స చేసిన వైద్యుడు మాత్రమే తెలపవలెనని పాత మెమో ఒకటుంది. ఒకసారి ఎవరో ముసలాయన కాళ్ళావేళ్ళా పడితే జాలిపడి చెప్పినందుకు గ్రేసమ్మకి ఇంక్రిమెంటు ఆగిపోయింది. అందుకని ఆవిడ సన్యాసమ్మ తల నిమిరి, పెద్ద నర్సులు అనవలసిన మాటే అంది.

"కంగారు పడకమ్మా. ఏం పర్లేదు."

సన్యాసమ్మ ఆ పూట గంజి కూడా ముట్టలేదు.

అడిగిన ప్రతివాళ్ళూ లెక్కలోకి వస్తారు గనక, ఆ వారం ఆసుపత్రికి తొంభై తొమ్మిది శాతం వచ్చి ఆగింది. ఆ ఒక్కటీ ఎవరని పేర్రాజు గారు ఆరా తీసి, యుద్ధప్రాతిపదికన రంగంలోకి దిగారు.

మొదట మర్యాద. సన్యాసమ్మ కంటబడిన ప్రతి ఉద్యోగీ చేతులు జోడించి, కనీసం పైవరస పళ్ళు కనిపించేలా నవ్వాలని సర్క్యులరు తిరిగింది. ఆసుపత్రిలో నరసింగు అని స్ట్రెచర్ తోసే మనిషి ఉన్నాడు. వార్డుల నుంచి శవాల గదికి చేర్చడం అతని పని. ఉద్యోగంలో చేరాక అతను నవ్వగా చూసినవాళ్ళు లేరు. సర్క్యులరు అందగానే బుద్ధిగా వచ్చి, సన్యాసమ్మ కాళ్ళవైపు నిలబడి, చేతులు జోడించి, పళ్ళన్నీ బయటపెట్టాడు.

సన్యాసమ్మ దుప్పటి గొంతుదాకా లాక్కుంది. "అప్పుడే వచ్చీసినావేటి బావూ? ఇంకా ఊపిరాడతన్నాది" అంది.

తరవాత ఆహారం. మిగతావాళ్ళకి ఒక గుడ్డయితే ఆవిడకి రెండు. ఆపైన ఆపిలు పండు, బత్తాయి రసం. "ఇయ్యన్నీ ఎవలు ఇమ్మన్నారమ్మా?" అని సన్యాసమ్మ అడిగితే, "సూపరింటెండెంటు గారు. మీరేం కోరుకుంటే అది పెట్టమన్నారు" అంది వంటావిడ. కోరిక అడిగి మరీ పెట్టేది ఎవరికో సన్యాసమ్మకి తెలీనిదా? గుడ్లు తౌడు తిన్నాడు. ఆపిలు కూడా తౌడే తిన్నాడు.

అదీ చాలదని పేర్రాజు గారు త్యాగానికి సిద్ధపడ్డారు. తన గదిలోని ఏసీ ఊడదీయించి సన్యాసమ్మ మంచం పైన బిగింపించారు. చల్లగాలి పక్కమంచాలకి పోయి వృథా కాకుండా చుట్టూ గులాబీపువ్వుల కర్టెన్లు కట్టించారు. మంచం కింద చిన్న స్పీకరు పెట్టి సన్నాయి వినిపించారు. ఆవిణ్ణి ఇకమీదట రోగి అనకూడదు, 'ఆరోగ్య అతిథి' అనాలన్నారు.

తౌడు ఇంటికి తాళం వేసి వచ్చేశాడు. ఏసీ కింద కాళ్ళు చాపుకుని, "సన్యాసీ, నువ్వు తొందరపడి తృప్తిపడిపోకు. ఎండాకాలం ఎల్లిపోనీ" అన్నాడు.

సన్యాసమ్మ నవ్వలేదు. కర్టెన్ పువ్వుల కేసి చూస్తూ మెల్లిగా అంది: "మావా, నాకు అప్పకొచ్చిందే వొచ్చినాది."

"ఛ, ఊరుకో."

"కాదు, ఇను. ఆరిపోయే దీపానికి ఎలుగెక్కువంటారు. పేదోళ్ళకి సర్కారోళ్ళు ఏసీ ఎందుకెడతారు? ఆ సన్నాయేటి? నాను పోతానని ఆళ్ళందరికీ తెలిసిపోనాది. నీకూ తెలుసేమో."

"నా మీదొట్టు, నాకేటీ తెల్దు."

"తెలిసినా సెప్పవులే. అప్ప మొగుడు సెప్పినాడేటి? నా కాళ్ళ కడియాలు అమ్మికియ్యి. సంతలో నా సోటు మాత్రం ఎవలికీ ఒదలకు. ఆ గుడ్ల యాపారపోళ్ళు ఆక్రమించీడానికి సూస్తన్నారు." అమ్మి అంటే పెళ్ళయి పొరుగూళ్ళో ఉన్న కూతురు. తౌడు చేతిలో సగం కొరికిన ఆపిలు పండు అలాగే ఉండిపోయింది. ఆ రోజు మొదటిసారి అతనికీ భయం వేసింది.

ఇంతలో పోలమ్మ తిరిగొచ్చింది. తృప్తిపడి ఇంటికి వెళ్ళాక ఆవిడ కాలిపుండు చీము పట్టింది. పాత మంచమే దొరికింది. పక్కన చూస్తే గులాబీ కర్టెన్లు, చల్లగాలి, సన్నాయి, రెండు గుడ్లు. ఏం చేస్తే ఇవన్నీ వచ్చాయని ఆరా తీసింది. ఏమీ చెయ్యలేదు, తృప్తిపడలేదంతే అని తెలిసింది. మర్నాడు ప్రసూన వచ్చి అడగ్గానే, "నానీపాలి పడను తల్లీ. ఒకపాలి పడి సూసినాను, సాల్లే" అంది.

ఆ మాట ఆడవార్డులో మొదలై మగవార్డుకి పాకి, పురిటివార్డు దాకా పోయింది. అంతవరకూ నెమ్మదిగా ఉన్నవాళ్ళందరికీ ఒక్కసారిగా అసంతృప్తి తగులుకుంది. జబ్బు నయమైనవాళ్ళు మంచాలు దిగలేదు. దిగమనడానికి ఉత్తర్వు ఒప్పుకోదు. కొత్తవాళ్ళకి మంచాలు లేవు. గేటు బయట పౌరుల వరస బస్టాండు మలుపు దాటింది. నరసింగు మాత్రం మంచం మంచానికీ తిరిగి నవ్వుతూనే ఉన్నాడు. అతన్ని ఆపమని సర్క్యులరు రాలేదు.

పేర్రాజు గారు సన్యాసమ్మ మంచం చుట్టూ సమీక్షా సమావేశం ఏర్పాటు చేశారు. పారిశుధ్యం, ఆహారం, విద్యుత్తు, భద్రత, అన్ని విభాగాలవాళ్ళూ కుర్చీలు వేసుకుని కూచున్నారు. వచ్చే సోమవారం కమిషనరు గారు స్వయంగా వస్తున్నారు. ఆ రోజుకి నూరు శాతం కావాలి.

"ఆరోగ్య అతిథి సన్యాసమ్మ గారి సంతృప్తి సాధన దిశగా, ఆయా విభాగాలు పరస్పర సమన్వయంతో చేపట్టిన చర్యలను సభాముఖంగా వివరించవలసిందిగా కోరుతున్నాను" అన్నారు పేర్రాజు గారు.

విభాగాలు వివరించాయి. నేల రోజుకి ఆరుసార్లు తుడుస్తున్నారు. గుడ్లు రెండు నుంచి మూడయ్యాయి. ఏసీ ఇరవై దగ్గర నడుస్తోంది. అందరూ అయ్యాక సన్యాసమ్మ దుప్పట్లోంచి చెయ్యి పైకెత్తింది.

"బావూ, నాకేటి తీసినారు?"

పారిశుధ్యం వాళ్ళు ఆహారం వాళ్ళ వైపు చూశారు. ఆహారం వాళ్ళు విద్యుత్తు వాళ్ళ వైపు చూశారు. గ్రేసమ్మ ఉండబట్టలేక, "సార్, ఆవిడ మొదట్నించీ అడుగుతున్నదదే. ఎవరైనా చెప్పేస్తే..." అంది.

పేర్రాజు గారు చేత్తో వారించారు. "సిస్టర్, ఆమె కోరుతున్నది సమాచారం. మనం కొలుస్తున్నది సంతృప్తి. రెండూ వేర్వేరు పద్దులు. సమాచారం కావలసినవారు సమాచార హక్కు చట్టం కింద నిర్ణీత రుసుముతో దరఖాస్తు చేసుకోవచ్చు. నెల రోజులలో జవాబు ఇవ్వబడుతుంది."

"నెల్రోజులుంటానా బావూ?" అంది సన్యాసమ్మ.

"ఉత్తర్వు ప్రకారం తృప్తి చెందేదాకా తప్పక ఉంటారమ్మా" అని ఆయన భరోసా ఇచ్చారు.

అదృష్టవశాత్తూ ఆదివారం నాటికి భానోజీ శిక్షణ ముగించుకుని, సర్టిఫికెట్టుతో దిగాడు. పేర్రాజు గారు అతన్ని వార్డులోకి వెళ్ళనివ్వలేదు. శిక్షణ పొందిన వైద్యుడు రోగితో మాట్లాడే దృశ్యం కమిషనరు గారి సమక్షంలో మొట్టమొదటిసారి జరిగితే బాగుంటుందని ఆయన ఉద్దేశం.

సోమవారం ఆసుపత్రి ముందు షామియానా వేశారు. కమిషనరు గారికి మామిడాకుల తోరణం, నాదస్వరం. ఆయన గులాబీ కర్టెన్లు తాకి చూసి, "బాగున్నవి" అన్నారు. ఆ మాట ముగ్గురు రాసుకున్నారు. మంచం పక్కన మైకు నిలబెట్టారు. భానోజీ చేతిలో శిక్షణలో ఇచ్చిన అట్టముక్క ఉంది. దాని మీద రోగితో మాట్లాడే మెట్లు వరసగా అచ్చువేసి ఉన్నాయి. మొదటి మెట్టు, కళ్ళలోకి చూడాలి. చూశాడు. రెండో మెట్టు, పేరు పెట్టి పిలవాలి.

"సన్యాసమ్మ గారూ."

డాక్టరంతటివాడు తనని 'గారూ' అని పిలిచేసరికే సన్యాసమ్మ గుండె ఝల్లుమంది. మూడో మెట్టు చేతిమీద చెయ్యి వెయ్యాలి. నాలుగోది ఒక వాక్యం. భానోజీ అట్టముక్క చూసి చదివాడు: "మీ బాధను నేను అర్థం చేసుకోగలను. ఈ కష్టకాలంలో మేమంతా మీకు తోడుగా ఉన్నాం."

సన్యాసమ్మ ఘొల్లుమంది. ఏసీలూ నవ్వులూ గుడ్లూ అన్నీ కలిసి ఇన్నాళ్ళూ దేని గురించి సైగ చేస్తున్నాయో అది ఇవాళ మైకులో చెప్పేశారు. తౌడు కూడా గోడకి తలానించి ఏడ్చాడు. "ఆనందబాష్పాలు" అన్నారు పేర్రాజు గారు కమిషనరు గారి చెవిలో. ఐదో మెట్టు, మౌనం పాటించాలి. భానోజీ పాటించాడు. అతని మొహానికి మాత్రం చెమట పట్టింది. రోగానికి సంబంధించిన సంగతులు చెప్పే మెట్టు ఆ అట్ట మీద లేదు. అది రెండో విడత శిక్షణలో వస్తుంది.

అప్పుడు కరెంటు పోయింది.

షామియానా కోసం లాగిన తీగల భారమో ఏమో, మొత్తం ఆసుపత్రికే పోయింది. మైకు చచ్చింది, సన్నాయి ఆగింది, ఏసీ నిట్టూర్చింది. కర్టెన్ల మధ్య ఆవిరిగుండంలా అయింది. కమిషనరు గారు రుమాలుతో మెడ తుడుచుకుంటూ వరండాలోకి నడిచారు. ఆయన వెనక పేర్రాజు గారు, ఆయన వెనక విభాగాలన్నీ నడిచాయి.

గ్రేసమ్మ కర్టెన్ దగ్గరగా లాగింది. "బాబూ, ఇప్పుడెవరూ లేరు" అంది.

భానోజీ అట్టముక్క జేబులో పెట్టుకుని మంచం అంచున కూచున్నాడు. "ఏడవకమ్మా. ఏం కావాలి నీకు? అసలెందుకేడుస్తున్నావు?"

"నాకేటి తీసినారు బావూ? పెద్దరోగమేనా?"

అతను నిర్ఘాంతపోయి గ్రేసమ్మ వైపు చూశాడు. "ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదా?" అని, జవాబు కోసం ఆగకుండా ఇటు తిరిగాడు. "పెద్దరోగం కాదమ్మా. కార్జం కింద చిన్న తిత్తి ఉంటుంది, అందులో పసరు ఉంటుంది. నీ తిత్తిలో రాళ్ళు చేరాయి. అవి అడ్డం పడి నొప్పొచ్చింది. రాళ్ళతో సహా తిత్తి తీసేశాను."

సన్యాసమ్మ ఏడుపు ఆపింది. "సేపని కోసినప్పుడు చిట్లితే కూరంతా సేదైపోద్ది, అలాటి సేదుతిత్తా?"

"అదే! అచ్చం అదే."

"అది నేకపోతే మనిషి బతుకుతాడా?"

"నిక్షేపంలా. తీసిన ముక్కని పరీక్షకి కూడా పంపాను, ఇందాకే రిపోర్టు చూశాను. అందులో చెడ్డదేమీ లేదు. మీ ఇంట్లో ఎవరికైనా వచ్చిందా ఏమిటి, పెద్దరోగం?"

"మా అప్పకి" అంది సన్యాసమ్మ. తరవాత చెంగుతో మొహం తుడుచుకుని లేచి కూచుంది. "ఏపుడు సేపలు తినొచ్చా?"

"కొన్నాళ్ళు నూనె తగ్గించు. ఆపైన నీ ఇష్టం."

"ఇంతేనా బావూ? ఇంతేనా?" ఆవిడకి నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "ఈ ముక్క ఆ దినమే సెప్పుంటే ఎల్లిపోదును కదా! సంతలో నా సోటు ఏమైపోనాదో!"

గోడ దగ్గర తౌడు ముక్కు చీదుకుంటూ, "సేదుతిత్తి" అని ఒకసారి తనలో తను అనుకున్నాడు. ఇంతలో కర్టెన్ సందులోంచి పోలమ్మ తల లోపలికి వచ్చింది.

"బావూ, మరి నా కాలు సంగతేటి? మానదేటి?"

భానోజీ లేచి పోలమ్మ మంచం మీద కూచున్నాడు. షుగరుందని, తగ్గితే గాని పుండు మానదని, అది ఎలా తగ్గించుకోవాలో చెప్పాడు. అవతలి మంచం పిలిచింది, ఆ అవతలిది పిలిచింది, ఆనక అవతలి వార్డులూ పిలిచాయి. కరెంటు మధ్యాన్నం దాకా రాలేదు. వచ్చేసరికి ఆడవార్డులో సగం మంది మూటలు సర్దుకుంటున్నారు. అంతా ఏమవుతోందో తెలీక పేర్రాజు గారు గుమ్మంలో నిలబడి తలలు లెక్కపెట్టుకున్నారు.

ప్రసూన సన్యాసమ్మ దగ్గరకి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, ఇప్పుడు తృప్తేనా?"

"తృప్తే తల్లీ. నిండా తృప్తి. ఆ బావు సెప్పీనాడు."

ప్రసూన 'మాటల్లో చెప్పలేనంత' నొక్కింది. వెంటనే టాబ్లెట్ ఇంకో ప్రశ్న అడిగింది: సంతృప్తికి ప్రధాన కారణం? కింద ఏసీ, ఆహారం, సంగీతం, చిరునవ్వు, కర్టెన్లు అని ఉన్నాయి. డాక్టరు చెప్పడం అనేది లేదు, ఇతరములు అనేదీ లేదు. ఏదో ఒకటి నొక్కకపోతే అది ముందుకు కదలదు. ప్రసూన పాపం చాలాసేపు ఆలోచించి, ఎదురుగా కనిపిస్తున్న కర్టెన్లు నొక్కింది.

సన్యాసమ్మ ఇంటికి వెళ్ళింది. ఆసుపత్రికి నూరు శాతం వచ్చింది. రోగుల సంతృప్తికి మూలకారణం గులాబీ కర్టెన్లేనని శాస్త్రీయంగా నిరూపితమైనందున, రాష్ట్రంలోని అన్ని ఆసుపత్రులలోనూ అవే అమర్చవలెనని ఉత్తర్వు వెలువడింది. పేర్రాజు గారికి శాలువా కప్పారు. శిక్షణలో నేర్పిన క్రమాన్ని ఐదో మెట్టు దగ్గర అతిక్రమించి, అనుమతి లేకుండా రోగులతో విస్తారంగా సంభాషించినందుకు భానోజీకి మెమో ఇచ్చి, రెండో విడత శిక్షణకి పంపించారు. ఈసారి శిక్షణ పొడవెక్కువ. పోలమ్మ తరవాత ఆ మంచాల్లోకి వచ్చినవాళ్ళకి ఏమేం తీశారో, ఏమేం కుట్టారో చెప్పేవాళ్ళు లేరు. పువ్వులు మాత్రం నిండుగా ఉన్నాయి.

గుడ్ల వ్యాపారులు ఆక్రమించిన జాగాని సన్యాసమ్మ ఒక్క సంతలోనే ఖాళీ చేయించింది. ఎలా చేయించిందో ఇక్కడ రాయదగ్గది కాదు. ఆ తరవాత ఒక సంతనాడు ఆవిడ జోరుగా బేరంలో ఉండగా కెమెరా వేసుకుని ఆసుపత్రి వాళ్ళొచ్చారు. వాళ్ళతో పేర్రాజు గారు కూడా ఉన్నారు. కర్టెన్ల విజయగాథ వీడియో తీయాలట.

"చెప్పమ్మా, ఆసుపత్రిలో నీకు తృప్తి ఎలా కలిగింది?"

సన్యాసమ్మ తక్కెడ కింద పెట్టి, కొంగు సర్దుకుని, కెమెరా కేసి తిరిగింది. "నా కడుపులో సేదుతిత్తి ఉన్నాది. దాన్లో రాళ్ళు సేరినాయి. సేదుతిత్తి తీసీసినాను, పెద్దరోగం కాదు అని భానోజీ బావు నా మంచం మీద కూకుని సెప్పినాడు. అంతే, నాకు పేనం లేసొచ్చినాది."

"అది సరే. కర్టెన్ల గురించి చెప్పమ్మా."

"ఏ కర్టెన్లు?"

"నీ మంచం చుట్టూ... గులాబీపువ్వులు..."

"ఓ, అయ్యా! అయ్యెందుకు ఎట్టినారు బావూ? గాలాడక సచ్చినాను" అంది సన్యాసమ్మ. అని, వెనక నిలబడ్డ ఆడమనిషితో, "పావుకిలో నెత్తళ్ళేనా?" అని తక్కెడ ఎత్తింది.

వీడియో బాగా వచ్చింది. దాన్ని ఊరూరా చూపించారు. అందులో సన్యాసమ్మ చేయి ఊపుకుంటూ, కళ్ళు మెరిపిస్తూ చెబుతుంది. పెదవులు సేదుతిత్తి అంటుంటాయి. గొంతు మాత్రం, ఎవరో చదువుకున్నావిడది, చాలా స్పష్టంగా, కర్టెన్లు అంటుంది.